పూజ ఫోన్లో చూడొద్దు బావా, గుడికి వెళ్ళు

బావా, ఎట్లుండావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? మొన్న నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లో, "ఆదివారం పూజ ఇంట్లోనే ఫోన్లో చూసేస్తున్నాం రా, ఈ బెంగుళూరు ట్రాఫిక్‌లో ఎవరు పోతారు" అని ఒక ముక్క అనేసి వేరే సంగతుల్లోకి వెళ్ళిపోయావు. నేను అప్పుడేమీ అనలేదు. రెండు లైన్లలో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కోపంతో కాదు బావా, నీ మీద ప్రేమతోనే. కాస్త పొడవైనా చివరిదాకా చదువు.

మన కతోలిక గుళ్ళలో ఆదివారం జరిగే దివ్యబలి పూజను ఇలా ఫోన్లో చూడటం ఎక్కడ మొదలైందో మనిద్దరికీ తెలుసు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే గుళ్ళన్నీ మూతపడ్డాయి. ఆదివారం పూజకు తప్పక రావాలన్న తిరుసభ కట్టడను కూడా మేత్రాణులు, అంటే బిషప్పులు, అప్పటికి సడలించారు. ఆ ఏడాది మట్టల ఆదివారం, పవిత్ర శుక్రవారం, పాస్క (ఈస్టర్) పండుగ అన్నీ ఇంట్లోనే అయిపోయాయి. మార్చి 27 రాత్రి వాన పడుతుంటే ఖాళీగా ఉన్న వాటికన్ పునీత పేతురు మైదానంలో పోప్ ఫ్రాన్సిస్ ప్రార్థన చేసి, దివ్యసత్ప్రసాదంతో, అంటే క్రీస్తు శరీరంగా మనం స్వీకరించే అప్పంతో, లోకాన్ని ఆశీర్వదించడం మనం చూసింది ఫోన్లోనే, మా అమ్మ ఆ ఫోన్ ముందే మోకరించింది. ఆ రోజుల్లో ఆ చిన్న తెర లేకపోతే మనకు ఆదివారమే లేదు, దాన్ని నేనెప్పుడూ తక్కువ చేయను. ఇప్పటికీ మంచం పట్టిన పెద్దవాళ్ళకు అది పెద్ద ఓదార్పు. అయినా వాళ్ళను కూడా ఫోనుకే వదిలేయరు, మొదటి శుక్రవారం ఫాదర్ గారు ఇళ్ళకు వెళ్ళి సత్ప్రసాదం ఇచ్చి వస్తారు. చూడటం వేరు, స్వీకరించడం వేరు కదా. మరి నీకు కాళ్ళు చేతులు బాగున్నాయి, కింద బండి ఉంది, నువ్వెందుకు ఇంకా 2020లోనే ఉన్నావు?

ఇక్కడ మా ఆదివారం ఎలా ఉంటుందో చెప్తాను, చిత్తూరులో నీకు తెలిసిందే అయినా తిరుపతిలో రుచి వేరు. పొద్దున్నే బండి మీద ముగ్గురం బయలుదేరితే దారంతా యాత్రికులే. గుండు కొట్టించుకున్న పిల్లలు, నిద్ర చాలని కళ్ళతో అలిపిరి బస్సు కోసం నిలబడ్డ కుటుంబాలు, వాళ్ళంతా కొండ వైపు, మేము గుడి వైపు. ఊరు ఊరంతా ఒక దేవుడి పేరు మీద బతికే చోట మనం కొద్దిమందిమే అయినా పరాయివాళ్ళమని నాకెప్పుడూ అనిపించలేదు. గుడి మలుపులో టీ కొట్టాయన మేము తిరిగొచ్చేసరికి "పూజ అయిపోయిందా అన్నా" అని అడిగి మరీ టీ పోస్తాడు.

చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటాం, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మోకాళ్ళు నొప్పులున్న పెద్దవాళ్ళకు గోడ వెంబడి బెంచీలు. ఇది మనకు పుట్టినప్పటి నుంచి అలవాటు కాబట్టి మామూలుగా అనిపిస్తుంది గానీ, దీని వెనక పెద్ద కథే ఉంది. మా నాయనమ్మ కాలంలో ఫాదర్ గారు పీఠం వైపు తిరిగి లాటిన్‌లో పూజ చేస్తుంటే వెనక జనం జపమాల చెప్పుకునేవాళ్ళట. 1963లో ప్రపంచంలోని మేత్రాణులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ ఆరాధన గురించి పత్రం ఇచ్చాకే పూజలో మన భాషకు దారి దొరికింది. 1969లో మన దేశపు మేత్రాణులు అడిగిన పన్నెండు అంశాలకు రోము ఒప్పుకుంది. నేల మీద కూర్చోవడం, చెప్పులు విడవడం, మోకరించే బదులు చేతులు జోడించి దండం పెట్టడం, కొవ్వొత్తుల చోట నూనె దీపం, ఆరతి, ఇవన్నీ అందులోవే. ఆ మహాసభ పత్రంలోనే ఒక మాట ఉంది, విశ్వాసులు పూజలో పూర్తిగా, తెలిసి, చురుగ్గా పాల్గొనాలని. ఊరికే చూసేవాళ్ళుగా ఉండొద్దన్నారు బావా. అరవై ఏళ్ళ కింద జనాన్ని చూసేవాళ్ళ వరుసలోంచి లేపి పూజలోకి తెచ్చారు, మనం తిరిగి వెళ్ళి సోఫాలో కూర్చుంటే ఎలా?

మా గుడిలో ఒక పెద్దావిడ ఉంది, చదువు రాదు. ఆదివారం చదివే సువిశేషాలు, అంటే యేసు జీవితం చెప్పే బైబిలు భాగాలు, మూడేళ్ళకోసారి తిరిగి వస్తాయని నీకు తెలుసు కదా, ఒక ఏడాది మత్తయి, మరో ఏడాది మార్కు, మూడో ఏడాది లూకా. ఆమెకు ఆ వరుస విని వినే పట్టుబడింది. మత్తయి ఏడాది, పాస్కకు ముందొచ్చే తపస్సుకాలంలో రెండో ఆదివారం పూజ అయ్యాక, "వచ్చే వారం బావి దగ్గర సమరయ స్త్రీ, ఆ పైవారం పుట్టుగుడ్డి, ఆ తర్వాత లాజరు" అని పక్కనున్న పిల్లలకు చెప్పేస్తుంది. పుస్తకం పట్టుకున్న నేను పేజీలు తిప్పి చూస్తే అన్నీ సరిగ్గా ఉంటాయి. బైబిలు చదివే వీలు లేని మనిషి దాన్ని అంతగా ఒంటబట్టించుకుందంటే, వారం వారం వచ్చి ఆ మాటల ముందు కూర్చోవడం వల్లనే.

పూజలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది విశ్వాసుల ప్రార్థనలు. రాసిపెట్టినవి అయ్యాక ఎవరో ఒకరు లేస్తారు. రుయా ఆసుపత్రిలో ఉన్న అన్న కోసం, నీట్ రాసే పాప కోసం, కువైట్‌లో పని పోయి ఇంటికి రాలేక చిక్కుకున్న కొడుకు కోసం. వాట్సాప్ గ్రూపులో పెట్టుకోని సంగతులు కూడా అక్కడ బయటికొస్తాయి, అందరం "ప్రభువా, మా మనవి ఆలకించండి" అంటాం. చివర్లో ప్రకటనలు. పెళ్ళి కుదిరినవాళ్ళ పేర్లు వరసగా మూడు ఆదివారాలు చదువుతారు, ఏదైనా అడ్డంకి తెలిస్తే చెప్పండని. మన చిన్నప్పుడు పేరు చదవగానే పెళ్ళికొడుకు ఎక్కడున్నాడా అని అందరూ తల తిప్పి చూసేవాళ్ళు, ఇప్పుడూ అంతే.

కానుకల గురించి చెప్పకపోతే ఉత్తరం పూర్తి కాదు. అన్నం వండే ముందు రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం సంచిలో తెచ్చే అలవాటు ఇంకా ఉంది. కాయలు దిగే రోజుల్లో మామిడి తోటలున్నవాళ్ళు మొదటి కాయలు పీఠం దగ్గరికే తెస్తారు. ఇక పల్లెల్లోని చిన్న గుళ్ళలో పండుగ పూజ అయ్యాక వేలం ఉంటుంది చూడు, గుమ్మడికాయ, అరటిగెల, నాటుకోడి, బెల్లం. సంతలో వంద రూపాయలకొచ్చే గుమ్మడికాయకు ఇద్దరు పట్టుబట్టి పాట పెంచుకుంటూ పోతారు, పిల్లలు చప్పట్లు కొడతారు, కాయ గెలుచుకున్నాయన దాన్ని కోయించి అక్కడే వంటకు ఇచ్చేస్తాడు. ఆ డబ్బు గుడికి, ఆ కూర అందరికీ. పోయినసారి నేను పల్లెల్లో సత్యోపదేశం చెప్పే ఉపదేశి గారితో కలిసి అలాంటి ఊరికి వెళ్ళా, తిరిగి రాబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మా గుడిలో మూడో స్తంభం పక్కన ఒక తాతయ్య కూర్చునేవాడు, ఒకప్పుడు దర్జీ పని చేసినాయన, ఒంటరి మనిషి. ఒక ఆదివారం ఆ చోటు ఖాళీగా ఉంది. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు గానీ, పూజ అయ్యాక ముగ్గురు నలుగురు ఒకరినొకరు అడిగారు, తాత రాలేదేం అని. పేదలకు సాయం చేసే మన విన్సెంట్ డి పాల్ సభవాళ్ళు ఇద్దరు అప్పుడే బండేసుకుని వెళ్ళారు. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నాడు, శుక్రవారం నుంచి గంజి కూడా లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి చేర్చారు, వంతులేసుకుని రాత్రిళ్ళు కూర్చున్నారు, బాగై తిరిగొచ్చాడు. ఆ ఆదివారం అందరం ఇళ్ళలో ఫోన్లో పూజ చూస్తూ ఉంటే ఆ ఖాళీ ఎవరి కంట పడేది చెప్పు? ఫోన్లో చూస్తే నీకు పూజ కనిపిస్తుంది బావా, నువ్వు ఎవరికీ కనిపించవు. నేను ఇంత పొడుగు ఉత్తరం రాసేది ఈ ఒక్క మాట కోసమే.

ఆ సభ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, దాన్ని 1833లో పారిస్‌లో మొదలుపెట్టింది ఓజనామ్ అనే ఇరవై ఏళ్ళ కాలేజీ కుర్రాడు, అతని స్నేహితులు. ఇద్దరిద్దరుగా పేదల ఇళ్ళకు వెళ్ళి పలకరించడం అప్పుడు పెట్టిన పద్ధతే, ఇప్పటికీ అంతే. సమావేశంలో ఒక సంచి తిప్పుతారు, ఎవరెంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. ఉన్నవాడు వెయ్యి వేసినా, లేనివాడు పది వేసినా అందులో చెయ్యి పెట్టి తీయడం ఒకటే.

అన్నీ బాగున్నాయని అనను. గొడవలున్నాయి. యువత కీబోర్డు సౌండు పెంచేస్తే పెద్దవాళ్ళ గొంతులు వినపడవు. కీర్తన అందరూ పాడాలి, డోలక్, తాళాలు చాలు, ఇది నా గట్టి అభిప్రాయం, మీటింగులో కూడా చెప్పా. తమిళం మాట్లాడే కుటుంబాలకు వాళ్ళ పూజ కావాలి, కేరళ నర్సులకు, బయటి రాష్ట్రాల విద్యార్థులకు ఇంగ్లీషు పూజ కావాలి, టైము ఎవరికి ఎప్పుడన్నది ప్రతి ఏటా వాదనే. అయినా అక్టోబరులో జపమాల మొదలైతే అవన్నీ పక్కకు పోతాయి. మరియమాత స్వరూపం సాయంత్రానికి ఒక ఇంటికి వెళ్తుంది, జపమాలలో పది ప్రార్థనల దశకం ఒకటి తెలుగులో, ఇంకోటి తమిళంలో, మరోటి మలయాళంలో, ఆఖర్న అందరికీ గుగ్గిళ్ళు, టీ. కొర్లగుంటలో మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటి రెడ్డెమ్మ గారు మల్లెపూల దండ తెచ్చి మాతకు వేశారు.

నీది పుంగనూరు కాబట్టి ఇంకో మాట. 18వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి జెస్యూట్ గురువులు మీ ఊరికి వచ్చారు, సన్యాసుల్లా బట్టలు కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చుకుని. 1773లో వాళ్ళ సభనే రద్దు చేస్తే ఇక్కడ గురువులు కరువయ్యారు. పూజ కోసం ఎదురుచూసి ఎదురుచూసి బతికినవాళ్ళ వారసులం మనం. 2022లో కార్డినల్ అయిన, అంటే పోప్‌ను ఎన్నుకునే పెద్దల్లో ఒకరైన, పూల ఆంటోనీ గారు 1992లో గురువుగా అభిషేకం పొందింది మన కడప మేత్రాసనానికే (బిషప్ పరిధికే). తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్. ఆ రోజు మా గుడిలో పెద్దవాళ్ళ కళ్ళు చెమర్చాయి. క్రైస్తవులైన దళితులకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్ల కోసం, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూలంగా క్రైస్తవులైనందుకు పోయిన ఎస్సీ హోదా కోసం ఏళ్ళ తరబడి కాగితాలు పట్టుకుని తిరిగిన మనుషులు వాళ్ళు. వాళ్ళకు ఆ కార్డినల్ ఎర్ర టోపీ ఏమిటో నీకు వేరే చెప్పాలా?

అందుకని బావా, నువ్వు కోరికలు తీరాలని గురువారం వివేక్‌నగర్ బాలయేసు గుడికి వెళ్ళి వస్తావని నాకు తెలుసు, ఆ భక్తి మంచిదే. కానీ ఆ జనసముద్రంలో నువ్వెవరో ఎవరికీ తెలియదు. మీ ఇంటికి దగ్గర్లో ఏ విచారణ (పారిష్) ఉందో కనుక్కో, కన్నడమైనా తమిళమైనా పర్లేదు, పూజ వరుస ఒకటే, ఆ రోజు పఠనాలూ ఒకటే. విచారణ గురువు గారిని కలిసి కుటుంబం పేరు రిజిస్టరులో రాయించు. పూజ అవగానే బండి తీయకుండా అరగంట నిలబడు, కుర్చీలు సర్దుతుంటే ఒక చెయ్యి వెయ్యి, పేర్లు అవే తెలుస్తాయి.

ఇంకొకటి, పెద్దదానికి ఎనిమిదేళ్ళు నిండాయి. దానికి జ్ఞానస్నానం నాడు జ్ఞానపితగా (గాడ్‌ఫాదర్‌గా) నీళ్ళ తొట్టి దగ్గర మాట ఇచ్చింది నేను, కాబట్టి అడిగే హక్కు నాకుంది. ప్రథమ సత్ప్రసాదానికి సత్యోపదేశం క్లాసులో ఈ ఏడాదే చేర్పించు, ఆలస్యం చేయొద్దు. అక్కడ జ్ఞానస్నానం సర్టిఫికెట్ అడుగుతారు, అది రిజిస్టరు ఉన్న చిత్తూరు గుడిలోనే ఇవ్వాలి. వచ్చే శనివారం నేను చిత్తూరు వెళ్తున్నా, ఆఫీసులో రాయించి రిజిస్టర్ పోస్టులో పంపిస్తా. నీ కొత్త ఫ్లాట్ అడ్రస్ పిన్‌కోడ్‌తో సహా ఈ రాత్రే పంపు.