వెనుక చక్రాల ఆర్డర్లు ఎందుకు ఆగాయంటే

తమ పాత పోర్షె 911 కార్లకు వెనుక 7 అంగుళాల వెడల్పు రిమ్ములు బిగించమని అడ్వాన్సు ఇచ్చి, మేము చెప్పిన తేదీ దాటిపోయినా ఇంకా ఓపికగా ఎదురుచూస్తున్న మా ఖాతాదారులందరికీ నమస్కారం. మాకు వచ్చిన 16 రిమ్ములలో 15 రిమ్ములను సరఫరాదారుకు తిప్పి పంపించాను. మిగిలిన ఒక్కటీ నా బల్ల మీద రెండు ముక్కలై ఉంది. ఆలస్యానికి కారణం ఏమిటో, అందులో నా తప్పు ఎంతో మీకు దాపరికం లేకుండా చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ఆర్డర్లన్నీ 1969 నుంచి 1973 వరకు వచ్చిన, వెనుక మడ్‌గార్డులు వెడల్పు చేయని కార్లవే. వాటిలో 911 ఎస్‌కు కంపెనీ ఇచ్చినది 6 అంగుళాల రిమ్ము, 36 మి.మీ. ఆఫ్‌సెట్, 185/70 టైరు, అంటే 185 మి.మీ. వెడల్పు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం. రిమ్ము నడిమి గీతకూ, అది హబ్బుకు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే ముఖానికీ మధ్య ఉండే దూరమే ఆఫ్‌సెట్ అని మీలో చాలామందికి తెలుసు. 1973 కరేరా ఆర్‌ఎస్ 2.7కు వెనుక 7 అంగుళాల రిమ్ము, 215/60 టైరు వేసినప్పుడు కంపెనీ ఆ ఆఫ్‌సెట్‌ను 23.3కు తగ్గించింది. లెక్క వేసి చూస్తే లోపలి అంచు 6 అంగుళాల రిమ్ముకు ఉన్న చోటనే ఉండి, పెరిగిన అంగుళమంతా బయటికే వస్తుంది; అందుకే ఆ కారుకు వెనుక మడ్‌గార్డులను ఉబ్బెత్తుగా చేశారు. ముందు టైరు ఎత్తు 640 మి.మీ., వెనుక టైరు ఎత్తు 639 మి.మీ. వచ్చేలా వాళ్లు సైజులు ఎంచుకున్న తీరు చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. మడ్‌గార్డు ముట్టుకోకుండా అదే వెడల్పు కావాలనుకునేవారికి ఉన్న దారి 49 ఆఫ్‌సెట్ ఉన్న, 7 ఆర్ అని పిలిచే రిమ్ము. అందులో పెరిగిన అంగుళం మొత్తం లోపలికి పోతుంది, రిమ్ము బయటి అంచు దాదాపు కదలదు, టైరు మాత్రం బయటికి ఒక 2 మి.మీ. ఎక్కువగా వస్తుంది. మనం ఆర్డరు పెట్టినది ఆ కొలతకే.

వచ్చిన రిమ్ముల వెనుక 49 అనే అంకె ఉంది. నేను ఆ అంకెను నమ్మాను. ఇదే నా తప్పు, దీన్ని ఇంకెవరి మీదా పెట్టను. మొదటి కారుకు కొలతలన్నీ ముందుగానే, మా దగ్గరున్న సరైన నమూనా రిమ్ముతో తీసుకున్నాము: షాక్ అబ్జార్బరు విప్పి, చక్రాన్ని మోసే వెనుక ఆర్మ్‌ను జాకీతో పూర్తిగా పైకి ఎత్తి, ఎక్కడెక్కడ తగులుతుందో తెలియడానికి మడ్‌గార్డు పెదవికీ (కింది అంచుకూ) లోపలి గోడకూ మెత్తటి బంకమట్టి అంటించి చూశాము. టైరు లోపలి వైపు సుమారు 28 మి.మీ. పెరుగుతుంది గనుక మా దృష్టి అంతా లోపలి ఖాళీ మీదనే ఉండింది. కొత్త రిమ్ములు వచ్చిన తరువాత ఆ పరీక్షను మళ్లీ చేయకుండానే టైర్లు ఎక్కించి, నట్లను 130 న్యూటన్ మీటర్లకు బిగించి, కారును అప్పగించాము. పక్కన ఇంకొకరు కూర్చున్నప్పుడు రోడ్డు మీద గతుకు వస్తే కుడివైపు వెనుక గీసుకుంటున్న శబ్దం వస్తోందని కొద్ది రోజులకే ఆయన ఫోన్ చేశారు. కారు తెప్పించి చూస్తే మడ్‌గార్డు పెదవి టైరు పక్కగోడలోకి కత్తిలా దిగి ఉంది. పెయింటు లేచిపోయింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం మా అదృష్టం. ఆ టైర్లు రెండూ మేమే మార్చాము, పెయింటు మేమే వేయించాము, పాత రిమ్ములు తిరిగి బిగించి ఆయన కారు ఆయనకు ఇచ్చాము.

ఆ రోజు రాత్రి 16 రిమ్ములనూ ఒక్కొక్కటిగా కొలిచాను. కొలిచే పద్ధతి చాలా సులువు, ఎవరైనా చేయవచ్చు: రిమ్ము అంచు మీద వెనుక వైపున నిటారైన పట్టీ పెట్టి, అక్కడి నుంచి హబ్బు ముఖం వరకు దూరం కొలవాలి; ముందు వైపు నుంచి కూడా అలాగే కొలిచి, రెండింటి తేడాను సగం చేస్తే ఆఫ్‌సెట్ వస్తుంది. వెనుక 142, ముందు 62. తేడా 80, సగం 40. అచ్చులో 49 అని ఉన్న రిమ్ము నిజానికి 40 రిమ్ము, అంటే టైరు మేము లెక్క వేసిన చోటుకన్నా 9 మి.మీ. బయట ఉంది. పాత కార్ల బాడీలలో ఎడమకూ కుడికీ మధ్యనే కొన్ని మి.మీ. తేడా ఉంటుంది కాబట్టి ఒక వైపు తప్పించుకున్నది రెండో వైపు తగిలింది.

సరఫరాదారుకు కొలతలు, ఫోటోలు పంపించాను. 9 మి.మీ. పెద్ద తేడా కాదని, మడ్‌గార్డు పెదవిని లోపలికి మడిచి, చక్రానికి కాస్త ఎక్కువ క్యాంబర్ ఇస్తే (పై అంచు లోపలికి వాలేలా చేస్తే) సరిపోతుందని, ఇతర వర్క్‌షాపులేవీ ఇలా ఫిర్యాదు చేయలేదని జవాబు వచ్చింది. ఇన్నేళ్లుగా వాళ్ల దగ్గరే రిమ్ములు కొన్నవాణ్ణి నేను. యాభై ఏళ్ల నుంచి ఎవరూ చేయి పెట్టని మడ్‌గార్డును, వాళ్ల పోతలో వచ్చిన తప్పు కోసం నేను నా చేత్తో మడవాలట. ఆ మాట నన్ను ఎంత బాధించిందో చెప్పలేను, ఇప్పటికీ అది మనసులోంచి పోలేదు. ఇకపై వాళ్ల సరుకు మా వర్క్‌షాపులోకి రాదు.

అసలు నిద్ర పట్టనివ్వని సంగతి మరొకటి ఉంది. మాకు లేత్ పనులు చేసిపెట్టే మిస్త్రీ రిమ్ము చూసి, హబ్బుకు ఆనే ముఖం మీద 9 మి.మీ. లోహం తీసేస్తే ఆఫ్‌సెట్ సరిగ్గా 49 అవుతుందని చెప్పారు. ఆయన చెప్పినది నిజమే. ఒక రిమ్మును అలా చేయించాను కూడా. మొదటి కారు రకానిదే అయిన మా సొంత కారుకు బిగించి, ఆర్మ్‌ను పూర్తిగా ఎత్తి చూస్తే ఎక్కడా తగలలేదు. బయటి నుంచి చూస్తే చక్రం మడ్‌గార్డు కింద ఎంత చక్కగా కూర్చుందో, అటు చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మిగిలినవన్నీ అలాగే చేయిస్తే ఒక్క వారంలో మీ కార్లన్నీ తయారయ్యేవి, ఇచ్చిన మాట నిలిచేది, బయటివారికి ఎవరికీ తెలిసేది కాదు. దాదాపు మూడు వారాలపాటు ప్రతి ఉదయం ఆ పని చేయిద్దామని అనుకుంటూ వర్క్‌షాపుకు వచ్చి, ప్రతి సాయంత్రం వద్దనుకుంటూ ఇంటికి వెళ్లాను. మీలో ఇద్దరు ఈ మధ్యలోనే ఫోన్ చేసి ఎప్పుడిస్తారని అడిగారు. వారికి సూటిగా జవాబు చెప్పలేకపోయినందుకు క్షమించమని కోరుతున్నాను.

చివరికి ఆ రిమ్మును నట్టు కూర్చునే రంధ్రం మీదుగా రంపంతో అడ్డంగా కోయించాను. నట్టు గుండ్రటి తల ఆనే గుంట వెనుక మిగిలిన లోహం, మా నమూనా రిమ్ములో అదే చోట ఉన్నదానిలో సగం కూడా లేదు. పైగా 1967 మోడల్ 911 ఎస్‌తో మొదలైన అసలు ఫుక్స్ కంపెనీ రిమ్ములు లోహాన్ని ఒత్తిడితో అదిమి ఫోర్జింగ్ చేసినవి, మాకు వచ్చినవి అచ్చులో పోతపోసినవి, వాటికి అంత బలం ఉండదు. మలుపులో కారు బరువు ఎక్కువగా బయటి వెనుక చక్రం మీద పడినప్పుడు ఆ పలుచని భాగం ఎన్నాళ్లు తట్టుకుంటుందో లెక్క చెప్పగలిగేవారు ఎవరూ నాకు దొరకలేదు. ఇంజను మొత్తం వెనుక ఇరుసుకు అవతల వేలాడే కారు ఇది. ఆ ముక్కను చేతిలో పట్టుకున్నాక నా మనసు కుదుటపడింది. మీరు ఆలస్యానికి నన్ను తిట్టుకున్నా సరే, అలాంటి రిమ్మును మీ కారుకు బిగించనని ఆ రోజే తేల్చుకున్నాను.

ఇక జరగబోయేది ఇది. వేరొక తయారీదారు దగ్గర ఫోర్జింగ్ రిమ్ములకు ఆర్డరు పెట్టాను. అవి చేతికి వచ్చేవరకు ఎవరికీ తేదీ చెప్పను, ఈ విషయంలో నన్ను బలవంతపెట్టవద్దు. వచ్చిన ప్రతి రిమ్మునూ రెండు వైపులా కొలిచి, ఆ అంకెలను కాగితం మీద రాసి మీ చేతికి ఇస్తాము. ఆర్మ్‌ను ఎత్తి చేసే పరీక్షను మీ కారు మీద, మీ రిమ్ముతోనే, కుడి ఎడమలు రెండింటికీ చేస్తాము. ఖాళీ చాలని కారుకు 7 అంగుళాలు వేయము. మడ్‌గార్డు మడవడం గానీ స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేయడం గానీ మా దగ్గర జరగదు.

ఆగలేనివారు అడ్వాన్సు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. వెనుక కాస్త పట్టు పెరిగితే చాలనుకునేవారికి 6 అంగుళాల రిమ్ము మీదనే 195/65 టైరు సూచిస్తున్నాను. అది పాత టైరుకన్నా ఎత్తులో 5 లేక 6 మి.మీ. మాత్రమే తక్కువ, రిమ్ము మార్చనక్కరలేదు. ఒక్కటి మాత్రం చేయవద్దు: ఎక్కడైనా 7 అంగుళాల రిమ్ము దొరికిందని మీ పాత 185/70 టైరునే దాని మీద ఎక్కించవద్దు, ఆ సైజుకు అనుమతించిన వెడల్పు 6 అంగుళాల వరకే.

మొదటి కారు యజమాని ఇంకా మా దగ్గరే చేయించుకుంటానని అన్నారు. కొత్త సరుకులో మొదటి జత ఆయనది.