డీజే హోరులో జముకు మూగబోతోంది

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో మన సొంత వాద్యాల చప్పుడు డీజే బాక్సుల మోతకు వినపడకుండా పోతోంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం మూడులాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసుకేస్తే రాలనంత జనం. ఈసారి సిరిమానుకు ముందు రోజు, తొలేళ్లనాటి సాయంత్రం ఒక సందు మొదట్లో జముకుల కథ చెబుతున్నవాళ్ల పక్కన అరగంట నిలబడ్డాను. జముకంటే చంకలో ఇరికించుకున్న చిన్న డోలు లాంటి వాద్యం, దాని తోలు మధ్య నుంచి ఒకే తీగ. తీగ లాగి మీటితే 'జుంయ్' అంటుంది, బిగువు మార్చితే మనిషి మూలిగినట్టే ఉంటుంది. ఎదురుగా నాలుగు బాక్సులు మొదలెట్టేసరికి కథకుడి పెదాలు కదలడమే కనిపించింది. పాపం, ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. తప్పెటగుళ్ల వాళ్లకీ అదే గతి: గుండెల మీద రేకు తప్పెట వాయిస్తూ ఒకరి భుజాలెక్కి ఒకరు నిలబడితే జనం సెల్‌ఫోన్లు పైకెత్తారు, పాట మాత్రం ఎవరి చెవినా పడలేదు. పిల్లలకు డీజే సరదా, కాదనను. అది ఏడాది పొడుగునా పెళ్లిళ్లలో ఉన్నదే. ఉత్సవం రెండు రోజులూ సాయంత్రం 5 నుంచి 8 దాకా కోట చుట్టుపక్కల బాక్సులు బంద్ చేయించాలి. జముకు ఒక్కదానికి చిన్న మైకు పెడితే చాలు, తప్పెటకు అదీ అక్కర్లేదు. కరపత్రంలో సినిమా గాయకుల ఫొటోల పక్కన ఈ బృందాల ఊరు, పేరు, ఆడే చోటు, వేళ అచ్చు వేయాలి. దారి ఖర్చులు ఆట రోజునే చేతిలో పెట్టాలి.

– ఒక పాఠకుడు, విజయనగరం