అడగకుండా ప్రీమియం పోస్తున్నారు

సాధారణ పెట్రోల్ కొడితే ఇంజిన్ పాడవుతుందని భయపెట్టి ఖరీదెక్కువ, ఆక్టేన్ అంకె ఎక్కువ ఉండే ప్రీమియం పెట్రోల్ అంటగట్టడం రాయగడ, గుణుపురం వైపు బంకుల్లో మామూలైపోయింది. మొన్న నేను కారు దిగి మూత తీసేలోపే కుర్రాడు ప్రీమియం గన్ను పెట్టేశాడు. ఇదేంటయ్యా అంటే, "మామూలుది పోస్తే పిస్టన్ పోద్ది సార్" అన్నాడు. నాది పన్నెండేళ్ల చిన్న కారు. ఇన్నాళ్లూ మామూలు పెట్రోల్‌తోనే కోరాపుట్ ఘాట్ ఎక్కింది, టకటక అన్న చప్పుడు ఒక్కసారీ రాలేదు. ఆక్టేన్ అంకె పెట్రోల్ బలాన్నో, శుభ్రతనో చెప్పదు. సిలిండర్‌లో ఒత్తిడికి వేళ కాని వేళ అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెబుతుంది, అంతే. 2020లో బీఎస్-6 (వాహన కాలుష్య) ప్రమాణాలు వచ్చినప్పుడు ఆ అంకె సాధారణ రకానికి కనీసం 91, ప్రీమియానికి 95. మాన్యువల్లో 91 చాలన్న బండికి 95 పోస్తే లాభపడేది బంకే. సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువుండే ఇంజిన్లలో (హై కంప్రెషన్, టర్బో రకాలు) కొన్నిటికి మాత్రం 95 తప్పనిసరి, వాటికి తక్కువ రకం పోస్తే నాకింగ్ (ఆ టకటక చప్పుడు) మొదలై నిజంగానే దెబ్బతినొచ్చు. అందుకే మూత లోపలి స్టిక్కర్ చూడాలి, బంకు కుర్రాడి మాట కాదు. (పాపం, వాడికీ పైనుంచి టార్గెట్ ఉంటుందేమో!) ప్రతి పంపు మీదా ఆక్టేన్ అంకె, రెండు ధరలూ ఒడియాతో పాటు తెలుగులోనూ పెద్దక్షరాల్లో రాయించాలి. అడగకుండా ప్రీమియం పోస్తే అదనపు సొమ్ము తిరిగిచ్చేలా జిల్లా పౌర సరఫరాల అధికారులు ఆదేశించాలి.

— ఒక వాహనదారు, రాయగడ, ఒడిశా