మధ్యాహ్నం పూట షాపు ఎందుకు మూస్తున్నానంటే

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా మధ్యాహ్నం వచ్చి, దించిన షట్టర్ చూసి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. "ఏంటన్నా, షాపు ఎత్తేశావా?" అని ఒకరిద్దరు ఫోన్‌లో గట్టిగానే అడిగారు. ఎత్తెయ్యలేదు. ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చింది.

నవ్వుకోండి, పర్లేదు. ఆరేళ్ళుగా విజయవాడలో కుక్కల తిండి, గొలుసులు, ఉచ్చ పొయ్యడానికి నేల మీద పరిచే ప్యాడ్లు అమ్ముకుంటూ మీ అందరికీ సలహాలు పంచిపెట్టినవాడికి సొంత కుక్కే లేదు. చిన్నప్పుడు ఊళ్ళో ఉండేది గానీ అది పొలాల వెంట తిరిగేది, దానికి మేం నేర్పిందేమీ లేదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వానకి తడుస్తున్న పిల్లని మా అమ్మాయి మూడో అంతస్తుకి ఎత్తుకొచ్చింది. పేరు పునుగు. డాక్టరు పళ్ళు చూసి, రెండు నెలలు దాటి ఉంటుందన్నారు.

మొదటిరోజే షాపులోంచి ప్యాడ్ల ప్యాకెట్టు, ట్రైనింగ్ స్ప్రే (ఆ వాసనకి పిల్ల అక్కడే పోస్తుందని అమ్మేది) తీసుకెళ్ళి, మీకు చెప్పినట్టే ప్యాడ్ మీద స్ప్రే కొట్టి పక్కన కూర్చున్నాను. పునుగు వచ్చింది, వాసన చూసింది, ప్యాడ్‌ని ఈడ్చుకెళ్ళి చింపి లోపలి దూదంతా హాల్లో పరిచి, సోఫా పక్కన నింపాదిగా ఉచ్చ పోసింది. నాలుగో రోజుకి ప్యాడ్ మీద పొయ్యడం మొదలెడితే హమ్మయ్య అనుకున్నా. తీరా చూస్తే దానికి అర్థమైంది వేరు, కాళ్ళ కింద మెత్తగా ఏది తగిలినా అది పోసే చోటే అని. గుమ్మం ముందు పట్టా, మా ఆవిడ యోగా మ్యాట్, చివరికి దేవుడి గది ముందు పరిచిన తివాచీ! ఈ వయసులో ఏ నేలకి అలవాటుపడితే తర్వాత కూడా అలాంటి నేలే వెతుక్కుంటాయని డాక్టరు చెప్తే గానీ నాకు తెలీదు.

ఇంకోటి ఒప్పుకోవాలి. మొదట్లో కొంతమందికి "తప్పు చేసినచోట ముక్కు రాయండి, దెబ్బకి నేర్చుకుంటుంది" అని చెప్పాను. నాకెవరో చెప్పారు, నేను మీకు చెప్పాను. తివాచీ రోజు కోపంలో నేనూ గట్టిగా అరిచాను, ముక్కు రాయలేదు గానీ. ఆ తర్వాత అది పొయ్యడం మానలేదు, నేను చూస్తుండగా పొయ్యడం మానేసింది, అంతే. ఫ్రిజ్ వెనక, మంచం కింద. బాల్కనీలోకి తీసుకెళ్ళినా నేనుంటే పొయ్యదు, రెండు రోజులు నన్ను చూస్తే చాలు తోక ముడిచేది. నా మాట విని మీ కుక్కపిల్లల్ని అలా చేసినవాళ్ళకి నిజంగా సారీ.

దారిలో పెట్టింది మా అమ్మ. పాత ప్లాస్టిక్ టబ్బుని సగానికి కోయించి, బిల్డింగ్ పని దగ్గర మిగిలిన ఇసుక పోయించి బాల్కనీలో పెట్టింది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగేచోటికి దించొద్దని డాక్టరు చెప్పారు (పార్వో అనే వైరస్ జబ్బు అంటుకుంటే పిల్ల బతకడం కష్టం), అందుకని ఇసుకే దిక్కు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి నేల వాసన చూస్తూ గిరగిరా తిరిగితే, వెంటనే ఎత్తుకెళ్ళి ఇసుకలో దించి "కానియ్యమ్మా" అంటుంది. పని కాగానే అక్కడే చిన్న ఉడికించిన కోడి ముక్క. అక్కడే, వెంటనే, లోపలికొచ్చాక పెడితే ఎందుకు పెట్టామో దానికి తెలీదు. మన షాపులో 250 రూపాయల బిస్కెట్లు కూడా పట్టుకెళ్ళాను గానీ కోడి ముక్క ముందు అవి పనికిరాలేదు.

తుడిచే విషయం. ఫినాయిల్ వద్దు. మన ముక్కుకి పోయినా దాని ముక్కుకి ఉచ్చ వాసన అక్కడే ఉంటుంది, పైగా పాదాలకంటింది నాకేస్తే కుక్కకి మంచిది కాదు. ఉచ్చ వాసనని మూలంలోనే విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ మాత్రం పనిచేసింది, అదీ వెంటనే తుడిచెయ్యకుండా పదిహేను నిమిషాలు తడిగా వదిలేస్తేనే. టైల్స్ మధ్య గీతల్లోకి దిగేలా పోయండి.

ఇక షాపు సంగతి. స్ప్రే అమ్మడం ఆపేస్తున్నా. గత నెలలో కొన్నవాళ్ళు తెచ్చిచ్చెయ్యండి, సగం వాడినా డబ్బులిచ్చేస్తా, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, మొహాలు నాకు గుర్తే. ప్యాడ్లు ఉంచుతా, బాల్కనీ లేనివాళ్ళకీ ముసలి కుక్కలకీ అవసరం. కానీ బాల్కనీ ఉండి అడిగితే ముందు ఇసుక గురించే చెప్తా, నొచ్చుకోకండి. అంతా బాగా నేర్చుకున్న పిల్ల ఉన్నట్టుండి చుక్కలు చుక్కలుగా పోస్తుంటే మాత్రం నా దగ్గరికి రావద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు.

అమ్మ ఇప్పుడు మా ఊరెళ్ళింది, వచ్చే నెలదాకా అక్కడే ఉంటుంది, మా ఆవిడకి డ్యూటీ. ఇంత చిన్న పిల్ల రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు. కాబట్టి కొన్నాళ్ళు 1 నుంచి 2:15 దాకా షట్టర్ దించే ఉంటుంది. ఆ టైంలో ఫోన్ ఎత్తకపోతే బాల్కనీలో ఉన్నానని అర్థం, చేతిలో కోడి ముక్క ఉంటుంది, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి.