అన్నయ్య రిపోర్టు చూశాను

ఒరేయ్ శీనూ,

రిపోర్టు ఫొటోలు అందాయి. ఇంట్లో అందరూ "బ్లడ్ క్యాన్సరట" అని గుసగుసలాడుతున్నారన్నావు. బ్లడ్ క్యాన్సర్ ఒక్క జబ్బు కాదురా. అన్నయ్యది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, సీఎమ్‌ఎల్ అంటారు. అదీ ఇంకా క్రానిక్ ఫేజ్‌లోనే, అంటే నెమ్మదిగా సాగే మొదటి దశలోనే ఉంది. నెట్‌లో వెతికితే ఈ పూర్తి పేరుతోనే వెతుకు. ఉత్త ల్యుకేమియా అని కొడితే వేరే జబ్బుల కబుర్లన్నీ వచ్చిపడి వదినకి నిద్ర పట్టదు. ఈ జబ్బుని అదుపులో పెట్టే ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చింది. అంతకుముందు రాసినవి అసలు తెరవకు.

పాప సంబంధాలకి అడ్డమొస్తుందని వదిన బెంగ కదా? ఇది వంశపారంపర్యం కాదు, అంటుకునేదీ కాదు. మూలుగలో ఒక కణంలో రెండు క్రోమోజోముల ముక్కలు అటూఇటూ మారడం వల్ల వచ్చింది.

ఇకమీదట కనిపెట్టుకోవాల్సింది బీసీఆర్-ఏబీఎల్ శాతం, అంటే ఆ ముక్కలు మారడంతో పుట్టిన జన్యువు రక్తంలో ఎంత ఉందో చెప్పే లెక్క. పక్కన 'ఐఎస్' (ఇంటర్నేషనల్ స్కేల్, అంతర్జాతీయ కొలమానం) అని ఉందో లేదో చూడు. మూడు నెలలకోసారి చేయిస్తారు. 3 నెలలకి 10 లోపు, 6 నెలలకి 1 లోపు, ఏడాదికి 0.1కి దిగితే మందు బాగా పనిచేస్తున్నట్టే. ల్యాబ్ మాత్రం మార్చకండి. మారిస్తే జబ్బు పెరిగిందో, లెక్క తేడానో తేలక చస్తారు.

మాత్ర 400 మి.గ్రా. రాశారు. రోజూ ఒకే వేళకి, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. పరగడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది, దాంతో మానేస్తారు. అసలు చిక్కు ఆ తర్వాతే. కొన్ని వారాల్లో తెల్లకణాలు మామూలుకొస్తాయి, ఇంకెందుకులే అనిపిస్తుంది. మధ్యమధ్యలో మానితే లోపల మిగిలిన కణాలు మందుకి లొంగకుండా తయారవుతాయి. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, పిక్కలు పట్టెయ్యడం ఈ మందుతో మామూలే, డాక్టరుకి చెప్పాలిగానీ సొంతంగా ఆపకూడదు. జ్వరమొచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా మర్నాటిదాకా ఆగొద్దు. మీ బాబాయి తెచ్చే పసరుమందు ఆయనకే ఇచ్చెయ్.

డబ్బు సంగతి. ఈ మందు పేటెంటు కేసులో నోవార్టిస్ కంపెనీ 2013లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అదే మందు వేరే కంపెనీలు చేసే జనరిక్ చాలా చవక, మన హైదరాబాద్ నాట్కో కంపెనీ కూడా చేస్తుంది. కంపెనీ మార్చేముందు డాక్టర్ని అడుగు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రికి గానీ ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి గానీ వెళితే ముందు అక్కడ ఆరోగ్యశ్రీ సంగతులు చూసే ఆరోగ్యమిత్రని కలిసి, ఆ పథకంలో మందూ పరీక్షా రెండూ వస్తాయా అని విడివిడిగా అడగాలి.

ఫ్రెండ్స్ ఆఫ్ మ్యాక్స్ అని సీఎమ్‌ఎల్ వాళ్ల సంఘం ఒకటుంది. వికారం ఎలా తట్టుకున్నారు, ఆఫీసులో ఏం చెప్పారు లాంటివి వాళ్లనే అడగాలి, డోసు మాత్రం కాదు. అన్నయ్య తరఫున నువ్వు మాట్లాడకు, వాళ్లకి ఆయన్నే ఫోన్ చెయ్యనీ.

సోమవారం ఓపీకి ఒరిజినల్ రిపోర్టులు, షుగరు బీపీ మాత్రల స్ట్రిప్పులతో సహా పట్టుకెళ్లు. కొన్ని మందులకి ఇమాటినిబ్‌తో పడదు.

నీ
రవి