తోలుబొమ్మల నిధి జమా ఖర్చులు, 2024-25

అందరికీ నమస్కారం అండి. బెంగళూరులో మన లేఔట్ హాల్లో తోలుబొమ్మలు పెట్టి కాపాడుకోవడానికి వేసుకున్న చందాల లెక్క ఇది. ఆఖరి బిల్లు మొన్ననే చేతికొచ్చింది, అందుకే లెక్క ఇప్పుడు పెడుతున్నాం.

జమ వైపు చూస్తే పాత నిల్వ 11,400, చందాలు 1,86,500 (ఇందులో 1,52,000 ఫోన్‌పేలో, మిగతాది క్యాష్), ఐటీలో చేసే మన లేఔట్ కుర్రాళ్ళు కలిసి ఇచ్చింది 50,000, బొమ్మలాట రోజు హుండీలో పడింది 8,150. మొత్తం 2,56,050. హుండీలో సగం పది రూపాయల బిళ్ళలే, కూర్చుని లెక్కపెట్టిన ఆంటీలకి దండం.

ఖర్చులో బొమ్మలకి 74,000. అన్నీ ధర్మవరం దగ్గర నిమ్మలకుంట నుంచి తెచ్చినవే, 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు అది. ఈ ఖర్చు మీద ఎవరికీ అనుమానం లేదు, అద్దాల పెట్టెలు నాలుగింటికి 82,000 అనగానే మాత్రం బొమ్మల కంటే పెట్టెలకే ఎక్కువా, బీరువాలో పెడితే పోలా అని చాలామంది అడిగారు. పోదండి. మేకతోలు కదా, మడత పెడితే ఆ మడత దగ్గరే చిట్లుతుంది, బెంగళూరు వానల్లో తేమ పడితే బూజు, మరీ ఎండితే అప్పడంలా వంకర తిరుగుతుంది. పాత ఆంజనేయుడికి మోచేతి దగ్గర తోలు చీలి, చెయ్యి దారం మీద వేలాడుతుంటే నిమ్మలకుంట నుంచి కళాకారుడిని పిలిపించి బాగు చేయించాం, రాను పోను, బస, కూలి అన్నీ కలిపి 18,000. ఆయనే చెప్పారు, బొమ్మని పరిచి ఉంచండి, మేకు మాత్రం కొట్టొద్దు అని.

లైట్లు, వైరింగ్ 14,600. ఎక్కువ వెలుతురుకి రంగు వెలిసిపోతుంది, మ్యూజియాల్లో ఇలాంటి సున్నితమైన వాటికి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, అందుకే హాల్లో డిమ్‌గా ఉంది, బల్బు మార్చమని వాచ్‌మన్‌ని అడక్కండి దయచేసి. కాటన్ గుడ్డ, తేమ పీల్చే సిలికా జెల్, తేమ చూసే మీటరు 6,350.

బొమ్మలాట బృందానికి 30,000, మైకు జనరేటరు 5,500, భోజనాలు 9,200. ఆ రాత్రి తెర వెనక దీపం పడి రావణుడి రంగులు వెలిగేసరికి పిల్లలు ఫోన్లు పక్కన పడేశారు, ఈ 44,700 గురించి ఇప్పటిదాకా ఒక్క ప్రశ్నా రాలేదు.

దాతల డబ్బుతో ఏమవుతుంది అనేవాళ్ళు ఒకసారి మన ఊళ్ళోని కళల సంస్థ చిత్రకళా పరిషత్తుకి వెళ్ళి చూడండి, అక్కడ తోలుబొమ్మలూ ఉన్నాయి, పారిశ్రామికవేత్త హెచ్.కె. కేజ్రీవాల్ గారు ఇచ్చేసిన సొంత కలెక్షనూ ఉంది. కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యాప్ (ఆర్ట్, ఫొటోగ్రఫీ మ్యూజియం) కూడా సర్కారు కట్టింది కాదు. మనది చిన్నదే, కానీ కొనడానికి ఇచ్చినంత తేలిగ్గా కాపాడటానికి ఎవరూ ఇవ్వరు, అందుకే వచ్చే ఏడు చందాలో కొంత నిర్వహణకే విడిగా పెట్టాలని కమిటీ అనుకుంటోంది.

మొత్తం ఖర్చు 2,39,650, నిల్వ 16,400 బ్యాంకులో ఉంది. ఆదాయపు పన్ను మినహాయింపుకి 80జి రసీదు అడిగినవాళ్ళకి ఒక మాట, 2,000 దాటి క్యాష్ ఇస్తే దానికి మినహాయింపు రాదు. బిల్లుల ఫైలు లైబ్రరీ టేబుల్ మీదే ఉంది, ఆదివారం పొద్దున ట్రెజరర్ గారు ఉంటారు, వచ్చి చూసుకోవచ్చు.