పత్తర్‌గట్టి కమానుల కింద బోర్డులు: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కరించి రాయునది. నేను ముప్పై ఏళ్లుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్న పెయింటర్‌ని. బ్రష్షుతో మొదలుపెట్టి, ఫ్లెక్సు వచ్చాక దానికి డిజైన్లు చేసి, ఇప్పుడు ఎల్‌ఈడీ అక్షరాలు బిగిస్తున్నాను. హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టి కమానులను కప్పేసిన బోర్డులలో కొన్ని నా చేతి మీదుగా ఎక్కినవే గనుక, ఈ ఫిర్యాదులో నా వాటా తప్పును ముందే ఒప్పుకుంటున్నాను.

1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని తిరిగి తీర్చిదిద్దుతూ కట్టించిన బజారు ఇది. మదీనా కూడలి నుంచి చార్మినార్ వైపు వెళుతుంటే ఇరుపక్కలా ఒకే తీరు రాతి కమానులు వరుసగా సాగుతాయి. ఇప్పుడు ఏదో ఒక కమాను ముందు ఆగి తలెత్తి చూడండి. వంపు మొదలయ్యే చోటనే అడ్డంగా ఇనుప ఫ్రేము, దానికి ఎర్రటి ఏసీపీ (అల్యూమినియం పూత పలక) షీటు, రాతిలోకి దింపిన బోల్టు కింద నాలుగు వానలకు జారిన తుప్పు చార, పక్కనే మేడ మీది దుకాణానికి దారి చూపే బాణం గుర్తు కనిపిస్తాయి. కమాను మాత్రం కనిపించదు.

నగరంలో ప్రకటనల మీద 2020 ఏప్రిల్‌లో వచ్చిన 68వ నంబరు జీవో, భూమి నుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటనలు ఉండరాదంది. పెద్ద రోడ్ల మీది హోర్డింగులకు అది సబబైన కొలతే. అయితే కమాను నోరు మూసే బోర్డు ఆ 15 అడుగుల లోపలే హాయిగా ఇమిడిపోతుంది. చార్మినార్ చుట్టూ 100 మీటర్ల నిషేధిత పరిధి, ఆపైన మరో 200 మీటర్ల నియంత్రిత పరిధి పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణలో ఉన్నాయి గానీ, ఆ నిబంధనల చూపంతా కట్టడాల మీదే. రోజుకొకటి మారే దుకాణం బోర్డు వాటికి ఆనదు.

అందుకే ఈ వీధికి ప్రత్యేకంగా ఒక బోర్డుల నియమావళి కావాలని కోరుతున్నాను. జైపూర్ పాతనగరం బజార్లలో తెల్లని పట్టీ మీద నల్లని అక్షరాలతో ఒకే తీరు బోర్డులు ఉన్నట్టే ఇక్కడా పెట్టిస్తే సరిపోతుందని మీ అధికారులు అనవచ్చు. ఆ కొలతలు ఇక్కడ యథాతథంగా పనికిరావు. పత్తర్‌గట్టిలో ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఉండాలి. దుకాణం పేరు తెలుగులో రాయాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నిబంధన. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. అడుగు ఎత్తు పట్టీ ఇచ్చి రాయమంటే ఇంగ్లీషు పెద్దక్షరాలను తొమ్మిది అంగుళాల ఎత్తున నిలబెట్టగలను. అదే పట్టీలో ‘వస్త్రాలయం’ అని రాయాలంటే ‘స’ కింద తవత్తు, దాని కింద రవత్తు దిగాలి, పైన తలకట్లకు చోటు ఉండాలి. అసలు అక్షరానికి అయిదు అంగుళాలు కూడా మిగలవు. ఉర్దూ రాసే నస్తాలీఖ్ అనే వాలు రాతలో మాట కుడివైపు పైనుంచి ఎడమకు కిందికి వాలుతుంది కాబట్టి దాని అవస్థ ఇంకో రకం. పట్టీ ఎత్తు ఇంగ్లీషును చూసి నిర్ణయిస్తే, నియమం అందరికీ సమానమే అనిపిస్తూనే తెలుగునూ ఉర్దూనూ చిన్నబుచ్చుతుంది. చదవలేనంత చిన్నగా తెలుగు రాసి చట్టం పాటించామనడం ఇప్పటికే చూస్తున్నాం.

కనుక కొలతలు కాగితం మీద కాకుండా కమాను కిందే తేలాలి. వాటిని పరిశీలించే చిన్న సంఘంలో కట్టడాల పరిరక్షణ తెలిసిన ఆర్కిటెక్టుతో పాటు ఆ బజారు వ్యాపారులు, మూడు లిపులూ రాయగల ఒక పెయింటరు ఉండాలి. ఆ సంఘం బోర్డు పరిమాణం, వెలుగు, బిగించే తీరు, ఉంచే చోటు మాత్రమే చూడాలి. బోర్డు ఏం చెబుతున్నదన్న జోలికి పోకూడదు. అమెరికాలో గిల్బర్ట్ అనే పట్టణం బోర్డులను వాటిలోని విషయాన్ని బట్టి వేరువేరు కొలతల్లో కట్టడి చేస్తే, అక్కడి సుప్రీంకోర్టు 2015లో ఆ నియమాలను కొట్టేసింది. మన చట్టాలు వేరే అయినా ఆ జాగ్రత్త మనకూ అవసరమే.

మినహాయింపుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఏ నియమమైనా చెడేది అక్కడే. స్తంభం చాటున పడిన దుకాణానికి, మెట్లెక్కితే గానీ కనబడని మేడ మీది దర్జీకి అందరి కొలతే వర్తింపజేయడం అన్యాయం. అయితే మినహాయింపు ఇవ్వడానికి కారణం కట్టడంలో ఉండాలి గానీ యజమాని పలుకుబడిలో ఉండకూడదు. ఇరుగుపొరుగు దుకాణాల వాళ్ల మాట విని, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాసి, వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. పెద్ద భవనాల అనుమతికే 21 రోజుల గడువు పెట్టిన టీఎస్-బీపాస్ అనే భవన అనుమతుల చట్టం 2020 నుంచి మన దగ్గర ఉంది. ఒక బోర్డుకు అంతకంటే ఎక్కువ రోజులు ఎందుకు పట్టాలి?

పాత బోర్డులను మాత్రం ఒక్కసారిగా పీకించకండి. ఎల్‌ఈడీ బోర్డు చిన్న వ్యాపారికి అప్పు చేసి కొన్న సరుకు. అది పాడై మార్చే రోజున కొత్త నియమం వర్తిస్తుందని ప్రకటిస్తే చాలు. నమూనాకు ఏదైనా ఒక కమానును ఎంచి చెప్పండి, మూడు లిపుల్లో అక్కడి బోర్డును కూలి తీసుకోకుండా నేనే రాసి ఇస్తాను. ఒక్క షరతు: రాతిలో కొత్తగా బోల్టు దింపను.

ఇట్లు,
పాతబస్తీలో బోర్డులు రాసే ఒక పెయింటర్